లెక్కలోకి రాని రొట్టె

పప్పుల వ్యాపారం చేసేవాడికి ఒక అలవాటు అబ్బుతుంది. బస్తా మూతి దగ్గరి సరుకు చూసి బేరం కుదుర్చుకోడు. ఇనుప గొట్టాన్ని పక్కనుంచి ఒకసారి, అడుగునుంచి ఒకసారి గుచ్చి, అరచేతిలో పోసుకుని చూస్తాడు. పుచ్చు ఎక్కడ దాక్కున్నా బయటపడుతుంది. మండి బజార్లో సారంగపాణి కళ్లు గప్పడం కష్టమని నాకు పేరుండేది. నేను గొట్టం గుచ్చని బస్తా ఒక్కటే, అది మా వంటింట్లో ఉండేది. దానివల్ల పోయింది మళ్లీ చేతికి రాలేదు.

మా ఇల్లు శివనగర్‌లో. మా గోడకు అటువైపు పౌలు, మార్తమ్మల ఇల్లు. పౌలు కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరు. అక్కడ రైల్వే క్వార్టరు ఇస్తామన్నా మార్తమ్మ కదలలేదు. "క్వార్టర్ల నల్లా ఉంటది, కరెంటు ఉంటది, ఈ గోడ ఉంటదా?" అనేది. గోడ ఆడవాళ్ల భుజాలదాకా ఉండేది. దాని మీదుగా మా అనసూయకూ ఆమెకూ మధ్య గిన్నెలు నడిచేవి. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు గనుక ఎప్పుడూ ఏదో ఒక బాకీ ఉండేది. వాళ్ల గిన్నె మా ఇంట్లో, మా గిన్నె వాళ్లింట్లో. ఆదివారం చర్చి నుంచి రాగానే మార్తమ్మ ఎండు రొయ్యలు వేసి గోంగూర వండేది. అది గోడ దాటి వచ్చేదాకా అనసూయ కంచం ముందు కూర్చునేది కాదు.

మా అమ్మ భద్రమ్మకు ఈ రాకపోకలు గిట్టవు.

"ఏ గిన్నె ఎవలదో తెలుస్తలేదు ఈ ఇంట్ల," అనేది.

"పేర్లు చెక్కించి ఉన్నయి గద అత్తమ్మా. మనుషుల మీద గూడ చెక్కిద్దామా?" అనేది అనసూయ.

డెబ్బై ఆరు ప్రాంతాల్లో అనసూయకు ఒంట్లో బాగుండకుండా పోయింది. సోమవారం వచ్చేసరికి కడుపు ఉబ్బేది. మోచేతుల మీద, మోకాళ్ల మీద దురద పొక్కులు లేచేవి. విరేచనాలు. మంగళ, బుధవారాలు మంచం మీదే. గురువారానికి లేచి తిరిగేది. మళ్లీ సోమవారం అదే పాట. మనిషి చిక్కి సగమైంది. చేతి గాజులు మోచేతిదాకా జారేవి. నాటుమందు అయింది, తాయెత్తు అయింది. శనివారం ఒక్కపొద్దు ఎలాగూ ఉండేది, అమ్మ చెప్పిందని గురువారం కూడా మొదలుపెట్టింది. అప్పటినుంచి గురువారం లేచి తిరగడం కూడా పోయి, వారమంతా మంచమే అయింది. ఉపవాసాలకు నీరసపడిందనుకుని, గురువారం మాన్పించాము.

చివరికి డాక్టర్ రాజేశ్వర్ రావు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నెమ్మదస్తుడు. రోగి చెప్పేది పూర్తిగా వినేవాడు.

"ఏదో తిండి పడ్తలేదు నీకు," అన్నాడు. "కొందరికి తినంగనే దద్దుర్లొస్తయి. అది అల్కగ దొరుకుతది. నీది ఆలస్యంగ వచ్చే రకం. ఇయ్యాల తింటె రేపో ఎల్లుండో బయటపడ్తది. దీనికి మన ఊళ్లె రక్తపరీక్ష లేదు. ఇంట్లనే చేసుకోవాలె."

"ఎట్ల సార్?" అన్నాను.

"అన్ని బందు చేసి ఒట్టి అన్నం, పెసరపప్పు, ఉప్పు. ఒళ్లు నిమ్మళించినంక ఒక్కొక్కటి కలుపుకుంట రావాలె. ఒకటి కలిపినంక కొన్ని దినాలు ఆగి చూడాలె. తొందరపడొద్దు."

నాకు ఆ పద్ధతి నచ్చింది. అది మా మండి పద్ధతే.

"వారంల ఏమేం తింటవమ్మా?" అని ఆయన అడిగాడు. అనసూయ వరుసగా చెప్పింది. కందిపప్పు, చింతపండు, పల్లీలు, వంకాయ, గుడ్లు, పాలు, ఆదివారం మార్తమ్మ పంపే రొయ్యల గోంగూర.

"శనివారం?"

"శనివారం ఒక్కపొద్దు సార్. ఏం తినను."

ఆయన తలూపాడు. ఆయన ఇంట్లోనూ శనివారాలు ఉండి ఉంటాయి, మళ్లీ అడగలేదు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. మా కొట్టుకు పప్పులతో పాటు వచ్చిన గోధుమల్లో మంచివి చూసి, రాళ్లు ఏరించి, శనివారం కోసమని పిండి గిర్నీకి పంపేవాణ్ణి నేనే. నాకూ తట్టలేదు. మా వైపు అన్నం ముట్టకపోతే తిననట్టే. దీపం పెట్టిన తరువాత తినే రెండు గోధుమ రొట్టెలు తిండి కిందికి రావు, దేవుడి కిందికి వస్తాయి.

పరీక్ష మొదలుపెట్టాము. రోజూ అన్నమే తినాలి గనుక ఒక్కపొద్దులు ఆపాల్సి వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. అనసూయే మధ్యేమార్గం చూసింది. నయమైతే ఇంకా నిష్ఠగా ఉంటానని మొక్కుకుంది.

ఫలితం నేను అనుకున్నదానికన్నా ముందే కనిపించింది. కడుపు దిగింది. పొక్కులు మాడిపోయాయి. సోమవారాలు మిగతా రోజుల్లాగే గడిచాయి. ఇక ఒక్కొక్కటి కలపడం మొదలైంది. ఏది ఎప్పుడు కలపాలో నేను చెప్పేవాణ్ణి. గోడ అవతల మార్తమ్మ కాచుకుని ఉండేది.

"ఇయ్యాల ఏ బస్తా దించిండు మా అన్న?"

"వంకాయ," అనేది అనసూయ.

"పాసయిందా?"

"అయింది. పల్లీలు గూడ పాసు."

"మరి నా వంతెప్పుడు వదినె?"

"నీది ఆఖరుకు పెట్టిండు."

"ఆఖరుకు పెట్టిండంటె ఇంకేముంది. ముద్దాయిని నేనేనన్నట్టు," అని నవ్వేది మార్తమ్మ. అప్పటికి అది పరాచికమే.

కందిపప్పు, చింతపండు, గుడ్లు, పాలు అన్నీ నిలబడ్డాయి. రొయ్యలు మిగిలాయి. ఆ వారమే అమ్మ అంది, "ఒళ్లు నిమ్మళించింది గద, మొక్కు ఎన్ని దినాలు ఆపుతరు?" అనసూయకూ అదే మనసులో ఉంది. శనివారం ఒక్కపొద్దు ఉంది. సాయంత్రం దీపం పెట్టి రొట్టెలు తింది. ఆదివారం మధ్యాహ్నం మార్తమ్మ తన భర్త పేరు చెక్కిన స్టీలు గిన్నె నిండా గోంగూర పంపింది. అన్నాళ్ల తరువాత వచ్చిందని అనసూయ వేలు పెట్టి గిన్నె తుడుచుకుని మరీ తింది.

సోమవారం కడుపు ఉబ్బింది. పొక్కులు లేచాయి.

ఇంతకన్నా రుజువేం కావాలి? అన్ని బస్తాలూ చూశాము, ఒక్కదాంట్లో పుచ్చు దొరికింది. పైగా అది మా అమ్మ ముందునుంచీ వేలు చూపిస్తున్న బస్తా. అందరూ ఒప్పుకునే మాట తొందరగా నిజమవుతుంది.

అనసూయ లేచి తిరగగలిగిన రోజున గోడ దగ్గరికి వెళ్లింది. నేను పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాను.

"వదినె, రొయ్యలు నాకు పడ్తలెవ్వట," అంది.

"పడకపోతె పీడాపాయె. రొయ్యలు మానేస్త. ఒట్టి గోంగూర వండుత, పప్పు పెడ్త. దానికేంది?" అంది మార్తమ్మ.

లోపలినుంచి మా అమ్మ గొంతు వచ్చింది. "రొయ్యలు కాదు. ఆ ఇంటి కూడే పడ్తలేదు."

మార్తమ్మ నావైపు చూసింది. "నిజమేనా అన్న?"

నేను చెంబు కింద పెట్టి, "కొన్నాళ్లు ఏం పంపకు చెల్లె. చూద్దాం," అన్నాను.

బేరంలో చూద్దాం అంటే వద్దనే. మార్తమ్మకు మండి తెలియకపోయినా ఆ మాట తెలుసు. "సరే అన్న," అని లోపలికి వెళ్లింది. పౌలు పేరున్న గిన్నె మా గూట్లోనే ఉండిపోయింది. ఖాళీగా పంపకూడదని అనసూయ ఒకసారి ఆగింది, ఏం పెట్టి పంపితే ఏమనుకుంటారోనని మళ్లీ ఆగిపోయింది. ఆ వేసవిలోనే వాళ్లు కాజీపేట క్వార్టరుకు మారారు. సామాను బండి కదిలేముందు మార్తమ్మ వచ్చి అనసూయ చేయి పట్టుకుంది. "జర పైలం వదినె. పడనిది తినకు," అంది. గిన్నె సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మరి రొయ్యలు మానేస్తే రోగం పోవాలి కదా. పోలేదు. సోమవారాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ విషం ఇంకా ఒంట్లో ఉందని అమ్మ అంది. డాక్టరు అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. నేను గుడ్లు మాన్పించాను, పల్లీలు మాన్పించాను, పాలు మాన్పించాను. ఒకసారి పాసైనవాటినే మళ్లీ ఫెయిల్ చేసుకుంటూ పోయాను. ఒంట్లో బాగాలేనివాళ్లకు రొట్టె తేలిక అని ఎవరో చెబితే ఆదివారం రాత్రి కూడా రొట్టెలే చేయించాను. అనసూయ ముఖం పాలిపోయింది. గోడ అవతల వేరేవాళ్లు దిగారు. ఆమె వాళ్లతో మాట కలపలేదు. గోడ దగ్గరికి వెళ్లడమే మానేసింది. ఆ ఇల్లు విడిచి వెళ్లినవాళ్లకు ఎంత నష్టమో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం మధ్యాహ్నం పూట వినిపించే నవ్వు ఒకటి పోయింది.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. అమ్మ కాలం చేసింది. ఎనభై మూడులో పరకాలలో ఉండే అనసూయ అక్క సమ్మమ్మకు కాలు విరిగింది. అనసూయ సాయానికి వెళ్లి ఎండాకాలమంతా అక్కడే ఉంది. తిరిగి వచ్చి బస్సు దిగుతుంటే నేను పోల్చుకోలేకపోయాను. బుగ్గలు నిండాయి. గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి.

"ఆడ ఒక్కపొద్దులు బందు పెట్టినవా?" అని ఇంటికి రాగానే అడిగాను.

"ఎందుకు బందు పెడ్త? ప్రతి శనివారం ఉన్న."

"ఏం తిన్నవు?"

"ఒక్కపొద్దు నాడు ఏం తింటరు? సిత్రంగ అడుగుతానవు."

"అది కాదు. దీపం పెట్టినంక?"

"జొన్నరొట్టె. అక్కోళ్లింట్ల గోధుమలు తేరు."

ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా గొట్టం గుచ్చని బస్తా అది.

ఇంట్లో మళ్లీ పరీక్ష పెట్టాము. ఈసారి శనివారాలను కూడా లెక్కలోకి తీసుకున్నాము. జొన్నరొట్టెతో ఒక్కపొద్దు ఉంటే సోమవారం లేచి వాకిలి ఊడ్చింది. గోధుమ రొట్టె తిన్న వారం పడకేసింది. అలవాటు కొద్దీ ఇంకోసారి చూద్దామన్నాను.

"చూసుడు నీకు, పడుడు నాకు. చాలు తియ్," అంది అనసూయ. "గోంగూర ఏం పాపం చేసింది?" అంది. అంటూనే పౌలు గిన్నె ఉన్న గూటివైపు చూసింది.

ఆ ఆదివారమే కాజీపేట వెళ్లాము. అనసూయ పౌలు పేరున్న గిన్నెను చింతపండుతో తోమి, నిండా నువ్వుల ముద్దలు పెట్టింది. రైలు దిగేముందు, "గోధుమ రొట్టె అని నేనే చెప్త. నువ్వు ఊకోవాలె," అంది.

మార్తమ్మ తలుపు తీసింది. జుట్టు నెరిసింది. "ఓ, వదినె," అని అనసూయను పట్టుకుంది. లోపల కూర్చోబెట్టింది. పౌలు డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. గోంగూరే. నాకు తెలిసింది, అనసూయకూ తెలిసింది. కానీ మార్తమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టి వచ్చింది. పక్కింటి పిల్లను దుకాణానికి పంపి బిస్కెట్ల ప్యాకెట్ తెప్పించింది. మా ఎదురుగానే ప్యాకెట్ చింపి, ప్లేటులో పోసింది.

"తిను వదినె. ఫికర్ లేదు. నా చేత్తోటి చేసింది కాదిది, కంపెనీ మాల్."

అంతా గోధుమ పిండితో చేసిన సరుకు అది. నేను నోరు తెరవబోయాను. అనసూయ నా వైపు చూడకుండానే ఒకటి తీసుకుని కొరికింది. నమిలి మింగింది. రెండోది తీసుకుంది.

అప్పుడు చెప్పింది, తల వంచుకుని. "రొయ్యలు కాదు వదినె. నీ చెయ్యి కాదు. ఎన్నడూ కాదు. మాకు ఎరుక కాలె."

"మరి దేంతోటి వచ్చిందట?"

అనసూయ చేతిలోని బిస్కెట్ వైపు చూసుకుంది. నిజం చెబితే ఈ ప్లేటు కూడా ముద్దాయి అవుతుంది.

"శనివారం ఒక్కపొద్దులతోటి," అంది.

మార్తమ్మ నవ్వింది. "ఉపాసం ఉంటె రోగమా? మీ అత్తమ్మ ఉంటె నిన్ను ఇంట్లకు రానియ్యకపోవు." ఆ నవ్వు పాతదే, కానీ తొందరగా అయిపోయింది. "పోనీ తియ్యి వదినె. ఎవ్వల తప్పని లేదు. నేనైతె ఇప్పుడు బయటోళ్లకు ఏం పెట్ట. ఎవ్వలకు ఏం పడదో మనకెట్ల ఎరుక."

గిన్నెలోని ముద్దలు తన డబ్బాలోకి సర్దుకుంది. గిన్నెను కడిగి, తుడిచి, తన గూట్లో బోర్లించింది. నేను ఎదురుచూశాను. ఏదో ఒకటి, కాసిన్ని మిరపకాయలైనా, వేరే గిన్నెలో పెట్టి ఇస్తుందేమోనని. ఇవ్వలేదు. వాళ్ల గిన్నె వాళ్లకు చేరింది. ఇక మాకు బాకీ లేదు, వాళ్లకూ లేదు. మా వ్యాపారంలో బాకీ ఉన్నన్నాళ్లే మనిషి మళ్లీ వస్తాడు. ఆ గిన్నెను తేకుండా ఉండాల్సిందని అక్కడ కూర్చునే నాకు అనిపించింది.

వాకిలిదాకా వచ్చి సాగనంపింది. "పైలం," అంది. వచ్చే ఆదివారం రమ్మనలేదు.

సోమవారం అనసూయ పడకేసింది. కడుపు ఉబ్బింది, మోచేతులు గోక్కుంటోంది. నేను మజ్జిగ తీసుకెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎందుకు తిన్నవు? ఒక్క మాట చెప్తే అయిపోవు గద," అన్నాను.

"ఆ ఇంట్ల ఒక్కసారి వద్దన్నం గద. మళ్ల ఎట్లంట?" అంది.

గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది. గోడవైపు తిరిగి పడుకుంది. అవతలి ఇంటివాళ్లు ఏదో రుబ్బుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆమె కళ్లు మూయలేదు.