నాన్న చేతికి నా వాచీ

మా నాన్న మాట మొదలుపెడితే ఆనకట్ట తెగినట్టే. సైన్సు మాస్టారుగా జీవితమంతా పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఆ పిల్లల స్థానంలోకి మేమొచ్చాం.

చెల్లి ఇష్టపడ్డ అబ్బాయి తల్లిదండ్రులు ఆదివారం మాట్లాడటానికి వస్తున్నారనగానే అది నా గదిలోకి వచ్చి తలుపేసింది.

"అక్కా, వాళ్ల నాన్నగారు సరే అంటే చాలు, మిగతావన్నీ అయిపోతాయి. మన నాన్న ఆయన్ని హడలగొట్టకుండా చూసే పూచీ నీది."

ఫోన్లూ చేతివాచీలూ ఎప్పుడు, ఎలా వణకాలో నిర్ణయించడం నా ఉద్యోగం. కందిగింజంత మోటారు. ఎంత బలంగా, ఎంతసేపు, మధ్యలో ఎంత విరామం అనే తేడాలతోనే "మెసేజ్ వచ్చింది" దగ్గర్నుంచి "లేచి నాలుగడుగులు నడువు" దాకా అన్నీ చెప్పాలి. మా ఆఫీసులో ఒక పట్టుదల ఉంది. వైబ్రేషన్ అర్థమేమిటో ఎవరికీ ముందుగా చెప్పం. వాచీ కట్టి ఊరుకుంటాం, వాళ్లంతట వాళ్లే గ్రహించాలి. నోటితో చెప్పాల్సి వచ్చిందంటే మా పని తగలబడ్డట్టే.

నాన్న కోసం "ఇక చాలు" అని ఒకటి తయారుచేశాను. మొదట మరీ మొరటుగా వచ్చింది. పక్క సీటాయన చేతికి కట్టి చూస్తే టీ ఒంటిమీద ఒలకబోసుకున్నాడు. దాన్ని మెత్తబరిచి, ఎవరో భుజం మీద రెండుసార్లు తట్టినట్టు చేశాను. ఈసారి ఆఫీసులో ఎవరికి కట్టినా ఠక్కున నోరు మూసుకున్నారు. రోజూ మీటింగుల్లో "చాలు" అనిపించుకునే ప్రాణులు, మూసుకోక ఏం చేస్తారు.

ఆదివారం, మా ఆఫీసు పద్ధతిలోనే, ఏమీ చెప్పకుండా నాన్న చేతికి వాచీ కట్టి, దాన్ని వణికించే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లు కుర్చీల్లో సర్దుకోకముందే, నీళ్లు ఎందుకు మరుగుతాయో ఎత్తుకున్నారాయన. అబ్బాయి తండ్రి కళ్లప్పగించి వింటున్నారు, తల్లి చీర అంచు మడతలు పెడుతున్నారు. నొక్కాను.

నాన్న ముఖం వెలిగిపోయింది. మరిగే నీళ్లు వదిలి ఆవిరి ఇంజన్లలోకి వెళ్లారు. మళ్లీ నొక్కాను. ఇంజన్లు దిగి రాకెట్లు ఎక్కారు. అప్పటికి నా మట్టిబుర్రకి వెలిగింది. నాన్నని "చాలు మాస్టారూ" అన్న పిల్లవాడు ఇంతవరకూ పుట్టలేదు. భుజం తడితే ఆయన లెక్కలో అది శభాష్. ఆర్పుదామని వెళ్లి అగ్నికి ఆజ్యం పోస్తున్నాను.

చెల్లి నన్ను కొరికేసేలా చూస్తోంది. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకు సిగ్గేసింది, దాని పెళ్లి నా చేతులారా చెడగొట్టానని భయమేసింది.

"ఈ వాచీ భలే ఉందండీ. మా పెద్దమ్మాయి చేసింది. మంచి మాట చెప్తే మెచ్చుకుంటుంది," అన్నారు నాన్న. "మీరూ ఒకసారి పెట్టుకోండి బావగారూ."

ఇంకా ఏదీ కుదరకుండానే బావగారట. విప్పి ఆయన చేతికి కట్టేశారు కూడా.

"ఆఁ, ఏం చెప్తున్నాను, రాకెట్టు..." అంటూ నాన్న బోసి మణికట్టు వైపు చూసుకున్నారు. తట్టేవాళ్లు లేరు. మాట ముందుకు సాగలేదు. కంగారులో నా వేలు మాత్రం ఇంకోసారి నొక్కేసింది.

అబ్బాయి తండ్రి ఉలిక్కిపడ్డారు. వాచీని చూసి, నోరు మూసుకున్న నాన్నని చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఈ సంబంధం మాకు ఇష్టమేనండీ," అన్నారు. "గుమ్మంలోనే చెబుదామనుకున్నాను. సందు దొరకలేదు."