గీతలక్క చెయ్యి

దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. మీ చిన్నమ్మమ్మ, అంటే నా వెనక పుట్టిన నా చెల్లెలు, ఉద్యోగంలో గడిపిన ఆఖరి రోజు ఇది. కంప్యూటరంటే నాకు వెలుగుతూ ఆరుతూ ఉండే పెట్టె అని తప్ప ఏమీ తెలియదు. అయినా ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. కొంత అదే చెప్పింది. మిగతాది అది పోయాక తెలిసింది. విన్నది విన్నట్టు అప్పజెబుతాను.

ఆమె బటన్ నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల కింద పెట్టెలో ఫ్యాను ముసలివాడిలా ఒకసారి దగ్గి, తరువాత రొద పెట్టడం మొదలుపెట్టింది. తెర వెలిగింది. ఆమె మౌస్ పట్టుకుని పక్కకు జరిపింది. తెర మీది బాణం గుర్తు కదలలేదు. ఒక ఊపిరి తీసి వదిలేంతలో అది ఉలిక్కిపడి లేచి, అడ్డదిడ్డంగా గెంతుతూ చెప్పిన చోటికి వచ్చి ఆగింది. వెనక దాని నీడలు నాలుగైదు తెర మీద మిగిలిపోయి, ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

అది మందుల డబ్బాలు అచ్చువేసే ప్రెస్సు. అట్ట ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో చూపే గీతలు గీయడం ఆమె పని. అందుకే అందరూ గీతలక్క అనేవారు. పడుచుతనంలో కాగితం మీద స్కేలు పెట్టి గీసేది. జుట్టు నెరిశాక కంప్యూటరు నేర్చుకుంది. మనిషి సన్నం, మెడ పొడుగు, కళ్ళద్దాలకు నల్లతాడు. కుడి మణికట్టు కింద, బల్లకు ఒరుసుకునే చోట, చర్మం కాయకట్టి మెరుస్తూ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి మేడ మీది గదిలో ఉండేది. ఎవరైనా "మీరేం చేస్తారమ్మా" అని అడిగితే గూటిలోంచి ఏదో ఒక మందు డబ్బా తీసి, విప్పి, మళ్ళీ మడిచి చూపించేది. అట్ట మూలలు ఒకదానిలో ఒకటి చప్పుడు లేకుండా కూర్చునేవి. అదే దాని సంసారం అనుకోండి.

కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము, లినక్స్ అంటారట, అది కొత్త రకం వేసిన నాటినుంచి ఆ సంసారంలో నిప్పులు పడ్డాయి. అంతకుముందు గాలిలా కదిలిన గీత ఇప్పుడు బురదలో బండిలా లాగింది. తెర మీద తెరుచుకునే కిటికీని పక్కకు జరిపితే సగం ఇక్కడ, సగం అక్కడ. దాన్ని వేసిన టెక్నీషియన్‌కు ఫోన్ చేస్తే తెర మీద వెనకగా కనిపించే బొమ్మ తీసేయమన్నాడు. తీసేసింది. కిటికీల నీడలు ఆపమన్నాడు, ఆపింది. తెర కొలత తగ్గించమన్నాడు, తగ్గించింది, అక్షరాలు నీళ్ళల్లో నానిన శనగల్లా ఉబ్బాయి తప్ప వేగం రాలేదు. దుమ్ము ఊదమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఊదింది. ఇంట్లో ఎలుకలు పడ్డాయంటే తలుపుకు రంగు మార్చమన్నట్టుగా సాగింది వైద్యం.

ఆ పొద్దున కూడా ఫోన్ చేసింది.

"బాబూ, ఇవాళ సార్ నా పక్కన కూర్చుని చూస్తారట. ఒక్కసారి వచ్చి వెళ్ళు."

"రీస్టార్ట్ చేశారా అమ్మా?"

"చేశాను."

"మళ్ళీ చేయండి. కొత్త సిస్టమ్ కదా, కొత్త కోడలు లాంటిది. మెల్లిగా కలుస్తుంది."

"కొత్త కోడలైతే అందరికంటే ముందు లేస్తుంది బాబూ. ఇది నడుం వాల్చి లేవనంటోంది."

అతను నవ్వి పెట్టేశాడు.

యజమాని చెడ్డమాట ఆడే మనిషి కాదు. ఆయన చేసేదంతా మెత్తగా చేసేవాడు. అంతకుముందు వారం తన మేనల్లుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష చేయించాడు. మేనల్లుడు ఒక ఉత్తరం టైపు చేసి, "నాకు బాగానే ఉంది మామయ్యా" అన్నాడు. ఉత్తరం టైపు చేయడానికి బొమ్మలు గీసే బలం అక్కరలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. తరువాత ఒక పిల్ల వచ్చి, యజమాని గదిలో మాట్లాడి, వెళ్ళేటప్పుడు గీతలక్క కుర్చీ వంక ఒక చూపు చూసి వెళ్ళింది.

"మధ్యాహ్నం ఆ దగ్గుమందు డబ్బా గీద్దామక్కా," అన్నాడు యజమాని ఆ పొద్దున బల్ల దగ్గర నిలబడి. "చిన్నదే. పక్కన కూర్చుంటాను. నా కళ్ళతో చూస్తే నాకూ మనసు కుదుటపడుతుంది."

"మెషీన్ స్లో అయిందండీ."

"మెషీనా, మనిషా, అదే చూద్దాం."

అట్ట కోసే ఆయన అటుగా వెళుతూ ఆగాడు. "గీతలక్క ఒక గీత గీసేలోపు నేను భోంచేసి, చెయ్యి కడుక్కుని, కునుకు తీసి వస్తాను సార్." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఉడుక్కుందంటారని.

ఆమె ఊరికే కూర్చోలేదు. ఆ యంత్రంతో వేగే ఉపాయం ఒకటి నేర్చుకుంది. తెర మీద కనిపించే గీతను నమ్మకూడదు, అది నీడ కావచ్చు. ఫ్యానును నమ్మాలి. గీత లాగితే ఫ్యాను అరుస్తుంది, అరుపు తగ్గితే గీత పడినట్టు. అరవకపోతే మాట వినలేదన్నమాట, మళ్ళీ గీయాలి. బాణం వెనకబడుతుంది కాబట్టి మౌస్‌ను కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ తోయాలి. ఇలా కళ్ళు మూసుకుని చెవులతో గీయడం అలవాటు చేసుకుంది. కుంటిగుర్రం మీద కూర్చున్నవాడు తానూ ఒక పక్కకు ఒరిగినట్టు.

మధ్యాహ్నం మెట్ల మీద మడతల వదినతో కలిసి టిఫిన్ డబ్బా విప్పింది. ఈమె గీసిన గీత మీద అట్టలు మడిచే ఆవిడ ఆమె.

"ముద్ద నోట్లో పెట్టుకోవేం?"

"వదినా, మెషీన్ కాదేమో. నా చెయ్యేనేమో."

మడతల వదిన గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి ఆమె అరచేతిలో పెట్టింది. "చాపు. ఊఁ, ఇంకా చాపు. కదిలిందా?"

"కదల్లేదు."

"మరేంటి నీ గోల?"

"మా అమ్మకు కూడా ముందు వణుకు రాలేదు. నిదానం వచ్చింది. జాకెట్టు హుక్కు పెట్టుకునేలోపు కాఫీ చల్లారిపోయేది."

"మీ అమ్మ జాకెట్టుకు ఎవరూ లినక్స్ వేయలేదుగా. తిను."

మా అమ్మ సంగతి మీకు చెప్పాలి. ఆఖరికి కంచంలోని ముద్ద నోటి దాకా వచ్చేసరికి పొద్దు వాలేది. మధ్యలో జారిపోయిన మెతుకులు ఏరి, మళ్ళీ చేతిలో పెట్టి, తినిపించకుండా ఓపిగ్గా కూర్చున్నది మీ చిన్నమ్మమ్మే. "తినిపిస్తే అమ్మకు సిగ్గు" అనేది. ఆ చెయ్యి ఎలా ఆగిపోయిందో అంత దగ్గరగా చూసిన మనిషికి తన చెయ్యి ఒక్క క్షణం ఆగినా ఏం గుర్తొస్తుంది?

వాళ్ళు మెట్ల మీద ఉండగానే యజమాని టెక్నీషియన్‌కు ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం ఆవిణ్ణి చూస్తున్నాను. రేపు మెషీన్ మీద సాకు చెప్పకూడదు. నువ్వు గట్టిగా చూసి చెప్పు."

అప్పటిదాకా అతను ఒక్కసారి కూడా గట్టిగా చూడలేదు. ఆ రోజు తన ఇంట్లోంచే ఆ కంప్యూటరులోకి దూరాడు. బొమ్మలు ఎవరు గీస్తున్నారని యంత్రాన్ని అడిగే ప్రశ్న ఒకటి ఉందట, అది వేశాడు. జవాబు చూసి నాలుక కరుచుకున్నాడు. ఆ పెట్టెలో బొమ్మలు గీయడానికి విడిగా ఒక కార్డు ఉంది. కొత్త లినక్స్ వేసిన రోజున తెర నల్లగా ఉండిపోతే, యంత్రం లేవగానే చదువుకునే ఆజ్ఞల వరుసలో అతనే ఒక మాట చేర్చాడు. కార్డు జోలికి పోవద్దని ఆ మాటకు అర్థం. తెర వెలిగింది. పనయ్యాక ఆ మాట తీసేయాలి. తీయడం మరచిపోయి ఇంటికి వెళ్ళాడు. అన్నాళ్ళూ కార్డు ఖాళీగా కూర్చుంది. వంటమనిషికి సెలవిచ్చి గుమాస్తా చేత వంట వండించినట్టు, లెక్కలు చేసుకోవలసిన బుర్ర బొమ్మలు కూడా గీస్తూ రొప్పింది.

అతను ఆ మాట చెరిపేసి, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపాడు. తలనొప్పి బిళ్ళ మింగేంత పని.

"ఏమైనా ఉందా?" అని అడిగాడు యజమాని.

"ఏమీ లేదు సార్. మెషీన్ శుభ్రంగా ఉంది."

ఆ క్షణాన అది అబద్ధం కాదు.

గీతలక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. యజమాని కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయన ఒంటికి సబ్బు వాసన. ఆమె డబ్బా పైభాగం గీయడానికి మౌస్ పట్టి, అలవాటు ప్రకారం కొంచెం ఎక్కువ తోసింది. బాణం తెర అంచు దాటి మాయమైంది. వెనక్కి లాగింది. ఈ చివరకు వచ్చింది. ఆమె ముక్కు మీద చెమట పట్టింది. మెల్లగా గీత లాగింది. గీత కనబడింది. ఫ్యాను అరవలేదు. ఆమె ఆగింది, చెవులు రిక్కించింది. నిశ్శబ్దం. నీడే పడిందనుకుని అదే గీత మళ్ళీ గీసింది. నిశ్శబ్దం. మళ్ళీ గీసింది. ఒకదాని పక్కన ఒకటి, వెంట్రుక వాసి తేడాతో, మూడు మడత గీతలు. అలా మడిస్తే అట్ట చిరిగిపోతుంది.

"ఆగారేం?" అన్నాడు యజమాని.

"వింటున్నానండీ."

"ఏం వింటున్నారు?"

ఆమె తెర వంక చూసింది, తన చేతి వంక చూసింది. ఏదో అర్థమవుతున్నట్టు, అంతలోనే జారిపోతున్నట్టు అనిపించింది.

"ఇవాళ ఇది తేడాగా ఉందండీ. నాకంటే ముందు పరిగెడుతోంది."

యజమాని మెత్తగా నవ్వాడు. "రోజూ స్లో అన్నారు. ఇవాళ ఫాస్ట్ అంటారా?"

వెనక అట్ట కోసే ఆయన దగ్గాడు. అది దగ్గు కాదు.

ఆమెకు ఒక పూట ఇచ్చి ఉంటే యంత్రం బాగుపడిందని తెలిసిపోయేది. ఆ సాయంత్రానికి చెయ్యి సర్దుకునేది. ఆయన లేచి, కుర్చీని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాడు.

"మీరు పెద్దవారు, నేను ఒక్క మాట అనను. రేపటినుంచి ఇంట్లో హాయిగా ఉండండక్కా."

"ఈ డబ్బా పూర్తిచేసి వెళ్ళనా?"

"వద్దులెండి."

ఆమె కళ్ళద్దాలు తీసి, మెడకు వేలాడనిచ్చి, మడతల వదినకు చెప్పకుండా వెనక మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నా ముందు చెయ్యి చాపింది. "అక్కా, అమ్మది నాకు వచ్చింది." నేను చూశాను. ఇసుమంత వణుకు లేకుండా రాయిలా నిలిచి ఉంది చెయ్యి. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. "ఆయన దానికి పేరు పెడతాడు, అంతేగా," అంది. ఆ తరువాత కత్తిపీట ముట్టలేదు. సూదిలో దారం నాతో ఎక్కించుకునేది. గ్లాసులో నీళ్ళు సగమే పోసుకునేది. మీలో ఎవరో బొమ్మ గీసిపెట్టమని అడిగితే పెన్సిలు మీ చేతికే ఇచ్చి, మేడ మీదికి వెళ్ళిపోయింది. గుర్తుందా మీకు?

చలికాలం వచ్చాక ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. ముందు రోజు మందుబిళ్ళ పెద్దదిగా ఉందని వేళ్ళతో సగానికి విరిచింది. మిగిలిన సగం నేను చూశాను. కొలిచి కోసినట్టుంది.

కర్మలన్నీ అయ్యాక మడతల వదిన వచ్చింది. గీతలక్క కుర్చీలో కొత్తగా చేరిన పిల్లకు టెక్నీషియన్ కబుర్లలో చెప్పాడట, ఒకప్పుడు తాను ఒక మాట తీయడం మరచిపోయానని, పాపం పాతావిడ చెయ్యే పోయిందనుకున్నారని. చెబుతూ నవ్వాడట. ఆ పిల్ల కూడా నవ్విందట. మడతల వదిన మాత్రం అట్ట మడుస్తూ మడుస్తూ వేలు కోసుకుంది. ఆ కట్టు ఇంకా ఉంది చేతికి, నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు.

నేను ప్రెస్సుకు వెళ్ళలేదు. వెళ్ళి ఎవరిని ఏమనను? మీకు చెబుతున్నాను. రేపు పెద్దయ్యాక మీరు నలుగురు నాలుగు చోట్ల ఉద్యోగాలు చేస్తారు. ఎక్కడ కూర్చున్నా, ఎవరు అడిగినా అడగకపోయినా, ఈ మాట దాటించండి, మీ పిల్లలకు కూడా: మా చిన్నమ్మమ్మ చెయ్యి బాగానే ఉండేది.

ఆమె ప్రెస్సులో వేసుకునే రబ్బరు చెప్పులు ఆ బల్ల కిందే ఉండిపోయాయట, మడమల దగ్గర అరిగి గుంటలు పడి. కొత్త పిల్ల వాటిని పారేయలేదట, కాళ్ళు చల్లబడినప్పుడు తొడుక్కుంటుందట.