వేళ్ళ తనిఖీ

కాలిన గాయాల వార్డు గుమ్మంలో పెద్ద నర్సు స్టూలు వేసుకుని కూర్చునేది. లోపలికి పోవాలంటే ఎంతటివాళ్ళైనా ముందు పది వేళ్ళూ చాచాల్సిందే. ఎక్కడ కాస్త తోలు లేచినా, నెత్తురు చుక్క కనబడినా, కాళ్ళావేళ్ళా పడ్డా వెనక్కే. చర్మం ఊడిన రోగి ఒంటికి చీము పట్టించడానికి, వచ్చినవాళ్ళ వేలి మీద ఆ మాత్రం పుండు చాలునట.

ఆ గుమ్మం దాటాలనుకున్న ఒకావిడకేమో చిన్నప్పటి నుంచీ వేళ్ళు కొరుక్కునే అలవాటు. గోళ్ళతో తృప్తి తీరేది కాదు. గోటి పక్క తోలు పళ్ళతో పట్టి లాగి, నెత్తురు కళ్ళజూస్తే గానీ మనసు కుదుటపడేది కాదు. కిందటేడు ఆమె తమ్ముడు ఇదే వార్డులో "అక్కా, అక్కా" అంటూ పోయాడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, ఆమె తప్ప దిక్కులేనివాడు. ఆమె వేళ్ళు చూసి నర్సు గడప దాటనివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చుని, ఆ బాధలో ఇంకో వేలు కొరుక్కుంది.

వాడు పోయాక తోడికోడలు ఆమె చేతిలో క్రోషియా సూదీ, దారపుండా పెట్టింది.

"నీ వేళ్ళు నువ్వే తినేస్తే రేపు అన్నం దేంతో తింటావే?"

"నాకివన్నీ రావక్కా."

"రాకపోతే పీకెయ్, మళ్ళీ అల్లు. పీకడమే కదా నీక్కావాల్సింది!"

ఆ మాట పట్టుకుంది. అల్లడం, పీకడం, అల్లడం. కుర్చీలకీ రేడియోకీ తొడుగులొచ్చాయి. "కదలకుండా కూర్చుంటే నాకూ ఒకటి తొడిగేట్టుంది" అని బావగారు హడలిపోయాడు. వేళ్ళు మానాయి. మానగానే వెళ్ళి, నా అన్నవాళ్ళు లేని రోగుల దగ్గర ఊరికే కూర్చుంటానని పేరిచ్చింది. తమ్ముడిలా ఇంకెవరూ ఒంటరిగా పోకూడదు. అదొక్కటే ఆమె పంతం.

దారం లోపలికి తేనివ్వరు. రోజూ అరగంట కూర్చోవడమే కాబట్టి ఆ లోటు తెలియలేదు.

అంతలో వెల్డరు వచ్చాడు. అతుకు వేస్తుంటే నూనె ట్యాంకు పేలిందట. ఒంట్లో ఎడమ చెయ్యి ఒక్కటే చెయ్యిలా మిగిలింది. ఆమె వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఆమె చేతిలో పెట్టేవాడు.

"బయట కూర్చుని ఏంటక్కా అల్లుతున్నావట?"

"ఏమో, నాకే తెలీదు. ఆపిన చోట ఏదైతే అదే."

"అయితే ఆపకు. దుప్పటవుతుంది."

ఓ పొద్దున డాక్టరు అతన్ని చూసి పెదవి విరిచాడు. "ఇవాళ గడవదు. ఉండగలిగినంతసేపు ఉండండమ్మా" అంది నర్సు.

"వెళ్ళకక్కా" అన్నాడు వెల్డరు.

"ఎక్కడికెళ్తాను? నువ్వు నిద్రపోయేదాకా ఇక్కడే."

మధ్యాహ్నం దాటింది. అతని ఊపిరి ఆగినట్టే ఆగి, మళ్ళీ వస్తోంది. ఆమె చూపంతా ఆ మొహం మీదే. ఒక చెయ్యి అతని పట్టులో ఉంది. ఒళ్ళో పడి ఉన్న రెండో చేతికి పనిలేదు. దాని బొటనవేలు చూపుడువేలి గోటి పక్కన గిల్లుకుంటూ, గీరుకుంటూ ఉందన్న సంగతే ఆమెకు తెలియలేదు.

ఆమె తొడుక్కున్న ఆసుపత్రి తెల్ల గౌను మీద ఎర్ర మరకను ముందు చూసింది నర్సే.

"లేవండి."

"తల్లీ, ఈ స్థితిలో ఇతనికి ఇంకేం అంటుకుంటుంది?"

"ఇతనికి కాదు. ఆ చేత్తోనే కుర్చీ పట్టుకుంటారు, తెర జరుపుతారు. పక్క మంచం ఆవిడ బతుకుతుందమ్మా. పిల్లల తల్లి."

ఆమె పక్క మంచం తెర వైపు చూసింది.

"ఏంటక్కా?" వెల్డరు కళ్ళు తెరవలేదు.

"ఏం లేదు. చేతులు కడుక్కొస్తా."

"తొందరగా రా."

"ఇదిగో, వచ్చేశాననుకో."

అతనివి ఇనుముతో బతికిన వేళ్ళు, వదల్లేదు. విడదీద్దామంటే ఆమె రెండో చెయ్యి అతనికి తగలకూడదు. నర్సే వంగి ఒక్కొక్క వేలూ విప్పింది.

గుమ్మంలో గౌను విప్పుతూ ఆమె వెనక్కి చూసింది. ఆ చెయ్యి సగం తెరుచుకుని మంచం అంచు దాటి వేలాడుతోంది. మందుల బండి తోసుకొస్తున్న ఆయా, దారికి అడ్డమని దాన్ని ఎత్తి, అతని పక్కలోకి సర్ది, బండి తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.