వేలంలో ఆకుపచ్చ బుట్ట

ప్రేమమణి కుట్టుకు వంక పెట్టే మొనగత్తె సికింద్రాబాద్ మొత్తంలో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆవిడే చెబుతుంది, మనం కాదనడానికి లేదు, ఎందుకంటే నిజం. గుడ్డతో బుట్ట కుట్టడమంటే ఏముందిలే అనుకుంటారు జనం. లోపల స్పాంజి, దానికి అస్తరు, పైన రంగురంగుల ముక్కలు, అంచుకు కుచ్చులు, జడలా అల్లిన పిడి, ఇదంతా మిషను ముట్టకుండా చేత్తోనే కుట్టి నిలబెట్టాలి. కుట్టి చూడండి, తెలుస్తుంది! ఏటా కోత పండుగకు చర్చిలో పళ్లూ కూరగాయలూ అర్పించేది ఈ బుట్టల్లోనే. ఆరాధన అయ్యాక బుట్టతో సహా వేలం వేస్తారు. స్త్రీల మైత్రి అనే చర్చి సంఘంలో ఆడవాళ్లంతా కూర్చుని కుడతారు, ప్రేమమణి వాళ్ల మీద పెత్తనం చేస్తుంది.

అది అలాంటిలాంటి పెత్తనం కాదు. ఈమధ్యే తల్లయిన క్యారల్ అనే పిల్ల, చంకలో బిడ్డ ఏడుస్తుంటే గాభరాపడి సూదిని కుర్చీ చేతికి గుచ్చి లేచిందట. అంతే, ప్రేమమణి అందరి ముందూ కడిగిపారేసింది. "సూది దిండుకు గుచ్చి లేవాలె! పసిపిల్ల తల్లివి, నీకే ధ్యాస లేకుంటే ఎట్ల? గిట్లాంటోళ్లు కుట్టుకు రాకుంటేనే నయం." క్యారల్ ఆ రోజు నుంచి రావడం మానేసింది. పోతే పోయింది, అనుకుంది ప్రేమమణి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు గానీ, ఆవిడకు ఎవరు చెబుతారు?

తీరా పండుగ ఆదివారం పొద్దున జాకెట్టు హుక్కు ఊడిందని కుట్టు డబ్బా తెరిచింది. సూదుల దిండు మీద పొడుగాటి సూది లేదు. స్పాంజి కుట్టేది అదొక్కటే. డబ్బా బోర్లించింది, దిండు దులిపింది, మంచం కింద చీపురు తోసింది. లేదు. నిన్న సాయంత్రం ఆకుపచ్చ బుట్టకు అంచు కుడుతుంటే, బుట్టలు తీసుకుపోవడానికి చర్చి వాచ్‌మన్ సామ్యూల్ వచ్చి వాకిట్లో ఒకటే హారన్ కొట్టాడు. గబగబా ముడి వేసి, దారం తెంపి, సూదిని అలాగే స్పాంజిలోకి గుచ్చింది. అది ఆ బుట్టలోనే ఉండిపోయింది!

"ఏమయ్యా, నడువు! ఆటో పిలువు!"

"ఇంక టైముంది కదనే. ఏమైంది, గింత పరేషాన్ అవుతున్నవ్?" అన్నాడు భర్త జకర్యా, బూట్లు తుడుచుకుంటూ.

చెప్పలేదు. జకర్యా నోట్లో నువ్వుగింజ నానదు, చెబితే మధ్యాహ్నానికల్లా మారేడ్‌పల్లి అంతా చాటింపే. ఆ మహానుభావుడు రెండో బూటు తుడిచి, కళ్లజోడు వెతుక్కుని, బయటికొచ్చి, మళ్లీ బైబిలు కోసం లోపలికి వెళ్లాడు. ప్యాట్నీ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ప్రేమమణి దిగి నడుస్తానంది, మళ్లీ ఎక్కింది, డ్రైవర్ని తిట్టింది. వాళ్లు చేరేసరికి మొదటి కీర్తన అయిపోతోంది.

ఆకుపచ్చ బుట్ట అర్పణల బల్ల మీద ముందు వరుసలోనే ఉంది, నిండా జామకాయలతో. అందరూ చూస్తుండగా వెళ్లి దాన్ని ఎలా పిసుకుతుంది? ఆరాధనంతా ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చుంది. పాస్టరయ్యగారు విత్తడం గురించి చెప్పారో కోయడం గురించి చెప్పారో దేవుడికే తెలియాలి. ఆ బుట్ట ఎవరింటికి పోతుంది? పిల్లలున్న ఇంటికి పోతే? పసిచెయ్యి దాని మీద పడితే? లేచి చెప్పేద్దామని రెండుసార్లు కొంగు సర్దుకుంది. అందరి సూదులకూ లెక్క అడిగిన మనిషి ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయింది. చివరికి ఒక ఉపాయం తోచింది. వేలంలో తనే పాడి కొనేస్తే సరి.

ఆవరణలో షామియానా కింద సంఘపెద్ద అబ్రహాం మైకు పట్టుకుని ఆకుపచ్చ బుట్ట పైకెత్తాడో లేదో, "వంద!" అని అరిచింది ప్రేమమణి.

"ఏందక్కా, నువ్వు కుట్టిన బుట్ట నువ్వే కొంటవా?" అన్నాడు అబ్రహాం. అందరూ నవ్వారు.

"కొంటా! నా ఇష్టం."

"రెండొందలు," అంది వెనక నుంచి ఒక గొంతు. క్యారల్!

ప్రేమమణికి ఒళ్లు మండిపోయింది. ఓసి నీ కక్ష తగలెయ్య, ఇవాళే దొరికిందా నీకు? పాట పెంచింది. క్యారల్ ఇంకా పెంచింది. ఇద్దరూ తగ్గకపోయేసరికి జనానికి ఎక్కడలేని హుషారు వచ్చింది, అబ్రహాం గొంతుకు రెక్కలొచ్చాయి. ప్రేమమణి పర్సు ఖాళీ అయింది, జకర్యా జేబూ ఖాళీ అయింది. ఆయన "నీకు పిచ్చి గిట్ల లేసిందా?" అంటున్నా వినలేదు. ఆఖరికి పాడటానికి ఏమీ మిగల్లేదు.

"మూడోసారి! బుట్ట మన క్యారల్‌దే!"

క్యారల్ భుజాన బిడ్డను వేసుకుని, రెండో చేత్తో బుట్ట అందుకుని, గబగబా గేటు వైపు నడిచింది. బిడ్డ కాలు సరిగ్గా బుట్ట అంచు మీద ఊగుతోంది. అది చూశాక ప్రేమమణికి ఇంక పరువూ లేదు, ప్రతిష్టా లేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తింది.

"క్యారల్! ఆగే! బిడ్డను దూరం పెట్టు! దాంట్ల సూది ఉంది! నేనే మర్చిపోయిన!"

షామియానా మొత్తం వినబడింది. అబ్రహాం మైకు దించేశాడు.

"అయ్యో ఆంటీ, మెల్లగ!" అంది క్యారల్, బిడ్డను అటు భుజానికి మార్చుకుంటూ. "సూది ఉన్నదని నాకు తెల్సు. పొద్దున పండ్లు సర్దుతుంటే చేతికి గుచ్చుకుంది. గుంజితే వస్తలేదు, అంచు విప్పాలె. అందరి ముందు ఎట్ల విప్పాలె? మీ పేరు పోతది కదా. కొనుక్కపోయి ఇంట్ల తీద్దామనుకుంటే, మీరేమో పాట మీద పాట పెంచవడ్తిరి!"

ప్రేమమణి రొప్పుతూనే అడిగింది. "మరి పొద్దుగాలనే నా చెవుల ఒక్కమాట చెప్పొద్దా, పిచ్చిదానా?"

క్యారల్ తలవంచుకుంది. "భయమైంది ఆంటీ. మీకు చెప్పాలంటే మాకందరికి భయమే."

అప్పటికే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ప్రేమమణి వాళ్ల వైపు చూసింది. ఒక్కరైనా "అదేం మాటే" అంటారేమోనని చూసింది. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని కుట్టిన ప్రిసిల్లా కూడా తన చెప్పుల వంక చూసుకుంటోంది. ఇన్నాళ్లూ ఈ భయాన్నే మర్యాద అనుకుంది ప్రేమమణి. చర్చి మెట్టు మీద కూలబడి చేతులు చాచింది.

"బిడ్డను ఇటియ్యి. నువ్వు కూసొని ఆ అంచు విప్పు."

"నేనా? కుట్టంతా పాడైతదేమో ఆంటీ."

"పాడైతే కానియ్యి బిడ్డా," అంది ప్రేమమణి.