ఎనభై రోజులు నిండకముందే

పాప గుడ్డలు వేన్నీళ్ళలో జాడించి పిండుతుంటే వెనకనుంచి అత్తయ్య అంది: "రేపు పొద్దున్నే పిల్లకి బాప్తిస్మం ఇప్పించేద్దాం. మావాడు వజీహ్ చర్చికెళ్ళి అబూనాతో చెప్పొచ్చాడు. రేపు ఏమైనా అయితే పిల్ల వెలుగు చూడకుండా పోతుంది."

ఏమైనా అయితే. ఆ మాటకి నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పాప పుట్టి ముప్పై ఒక్క రోజులు. మూడు రోజులుగా ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. మల్లావిలో డాక్టరు మందిచ్చి, "ఊపిరి నిమిషానికి అరవై దాటితే క్షణం ఆగకుండా తీసుకురండి" అన్నాడు. అప్పట్నుంచీ నాకు అదే పని అనుకునేరు. పనులన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, వాటి మధ్యలో లెక్కపెడుతున్నాను. ఉల్లిపాయలు తరుగుతూ యాభై రెండు. మామగారి చొక్కా ఇస్త్రీ చేస్తూ యాభై ఆరు. ఒకసారి యాభై తొమ్మిది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను, యాభై నాలుగు. భయం అంటే ఏమిటో అంతకుముందు నాకు తెలుసనే అనుకున్నాను.

చర్చికి పాపతో నేను వెళ్ళకూడదు. మగపిల్లాడు పుడితే నలభై రోజులు, ఆడపిల్ల పుడితే ఎనభై. అన్నాళ్ళూ తల్లి గడప తొక్కదు. ఆడపిల్ల తల్లి రెట్టింపు మైల ఎందుకయిందో నేనడగలేదు, అడిగితే ఏ మాట వస్తుందో తెలుసు కనుక. అయితే ఈ లెక్క వంటింటికి మాత్రం లేదు. నాలుగో రోజే నేను వంటింట్లో ఉన్నాను. పాపని చూడటానికి వచ్చిన చుట్టాలకి, బాలింత తాగాల్సిన ముఘాత్ నెయ్యి వేసి నేనే కాచి, నేనే గ్లాసుల్లో పోశాను. "మా కోడలు మంచం పట్టుకుని పడుకునే రకం కాదు" అని అత్తయ్య మురిసిపోయింది. వజీహ్ కూడా మురిసిపోయాడు. చాలా బాగా కుదిరిందట, ఇంకో గ్లాసు అడిగాడు.

బయట నిలబడటం మా వాళ్ళకి కొత్తేమీ కాదు. మాది ప్రొటెస్టంటు చర్చి, వజీహ్ వాళ్ళది ఆర్థడాక్స్. పెళ్ళికి ముందు నాకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. ఇరవై మూడేళ్ళు అదే ప్రభువుకి మోకరించాను, ఆ పాటలే పాడాను, అదంతా లెక్కలోకి రాదన్నారు. "ఏముంది సల్వా, మూడు మునకలు. ఇంత చిన్నదానికి పట్టుపడతావా?" అన్నాడు వజీహ్. చిన్నదే అయితే నన్నెందుకు ముంచాలని నాకప్పుడు తట్టలేదు. నాన్న ఆవరణలో నిలబడి ఉన్నాడు. తడిజుట్టుతో నేను బయటికొస్తే తన కోటు విప్పి నా భుజాల మీద కప్పాడు. ఒక్క మాట అనలేదు. నాన్న పోయి నాలుగేళ్ళయింది, ఆయన ఏదైనా ఒక మాట తిట్టి ఉంటే బావుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఇక అత్తయ్య నన్ను ఎవరికి చూపించినా ఒకటే వరస: "మొదట ప్రొటెస్టంటులే, ఇప్పుడు మన పిల్లే." ఏడేళ్ళయినా ఆ 'మొదట' పోలేదు.

"మరి పాపని ఎవరెత్తుకుంటారు?" అని అడిగాను.

"నేను లేనూ?" అంది అత్తయ్య.

అత్తయ్య చేతులు వణుకుతాయి. రెండేళ్ళుగా ఆమెకి టీ సగం గ్లాసే పోస్తున్నాను. ఎందుకని ఎవరూ అడగరు. పళ్ళెం జారి పగిలితే పిల్లి తోసిందంటారు. మా ఇంట్లో పిల్లి లేదు. బాప్తిస్మంలో బిడ్డ ఒళ్ళంతా నూనె రాస్తారు. అబూనా మూడుసార్లు ముంచి తడిబిడ్డని తిరిగి చేతికిస్తాడు. కింద రాతినేల. ఇదంతా నా కళ్ళముందు ఒక్కసారిగా కనిపించింది.

"అసియూత్ నుంచి మా అమ్మ వస్తోందిగా, తను ఎత్తుకుంటుంది" అన్నాను. అమ్మ ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సు. ఎన్ని వందలమంది పిల్లలు ఆ చేతుల్లోకి జారారో ఆమెకే తెలీదు.

"మీ అమ్మా? మనిషి మంచిదే, కాదన్నానా? కానీ అక్కడ బిడ్డ తరఫున ప్రమాణాలు పలకాల్సింది మనవాళ్ళు కదమ్మాయ్."

గదిలోకి వెళ్ళాక వజీహ్‌తో చెప్పాను, అత్తయ్య చేతులు చూశావా అని. "అమ్మ చేతుల మాట ఎత్తకు. బాధపడుతుంది" అన్నాడు. అతని కళ్ళు కూడా పాప పక్కటెముకల మీదే ఉన్నాయి. పాపం, అతనికీ భయమే. కానీ తల్లి బాధపడుతుందన్న భయం కూతురు జారిపోతుందన్న భయం కంటే ముందొచ్చి కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. మండినా నోరు విప్పలేదు. నాకు మాత్రం భయాలు తక్కువా? దేవుడు పసిబిడ్డల్ని తోసెయ్యడని నాన్న నేర్పాడు. బాప్తిస్మం లేకపోతే వెలుగు లేదని వీళ్ళు నేర్పారు. రెండూ నమ్ముతూ, రెండింటికీ వణుకుతూ కూర్చున్నాను.

పొద్దున ఎనిమిదింటికి, మంచుకి తడిసిన చర్చి ఆవరణలో అమ్మా నేనూ పక్కపక్కన నిలబడ్డాం. నేను రోజులు నిండనిదాన్ని, అమ్మ వేరే చర్చిది. ఫిబ్రవరి చలి ఎముకల్లోకి దిగుతోంది. బాప్తిస్మం గది తలుపు తీసే ఉంది. అబూనా మకారీ తొట్టిలోకి కెటిల్‌తో వేన్నీళ్ళు పోయించి, మోచెయ్యి ముంచి చూశాడు. "ఇంకాస్త పోయించమనండి" అని అమ్మ ఇక్కణ్ణించే గొణుక్కుంది. ఆమె చేతులు ఊరికే ఉండలేక శాలువా అంచు మడుస్తున్నాయి.

అబూనా పాపకి నూనె రాయడం మొదలుపెట్టాడు. అత్తయ్య చేతుల్లో పాప ఒళ్ళు మెరుస్తోంది. అప్పుడు జారింది. బెత్తెడు, అంతే. అత్తయ్య గబుక్కున గుండెకి అదుముకుంది. పక్కన ఉన్న వజీహ్ చూశాడో లేదో తెలీదు, అబూనా పుస్తకంలోకి చూస్తున్నాడు. నేను చూశాను. అమ్మా చూసింది.

ఇప్పుడు నేను లోపలికి వెళితే, వారంలోగా పాపకి ఏ కాస్త అయినా, ఊరు ఏమంటుందో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. మైలతో గడప దాటింది, బిడ్డని మింగింది అంటారు. వజీహ్ పైకి అనడు, కానీ అన్నం తింటూ నావైపు చూడటం మానేస్తాడు. నేను కూడా నమ్మేస్తానేమో, అది అన్నిటికంటే భయం. పాప ఇంకోసారి జారింది.

అమ్మ మణికట్టు పట్టుకుని గడప దాటాను.

"సల్వా," అన్నాడు వజీహ్ గొంతు తగ్గించి, "బయటికి వెళ్ళు."

అబూనా తలెత్తాడు. "తల్లీ, నీకింకా రోజులు నిండలేదు కదా."

"నిండలేదు అబూనా. ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయి. అప్పటిదాకా ఈ పిల్ల ఉంటుందో లేదో మీరు చెప్పలేరు, డాక్టరూ చెప్పలేడు." నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "ఈవిడ మా అమ్మ. మీ చర్చి మనిషి కాదు. పిల్ల జారిపోతోంది. పిల్లని మా అమ్మ పట్టుకోవాలి."

నేను అత్తయ్య నోటి నుంచి రాబోయే మాట కోసం పళ్ళు బిగించి నిలబడ్డాను. ఆమె నావైపు చూడలేదు, కొడుకువైపూ చూడలేదు. మా అమ్మ దగ్గరికి నాలుగడుగులు వేసి పాపని అందించింది.

"తీసుకో వదినా," అంది. "పొద్దుట్నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మోస్తున్నాను. ఒక్కరూ అడగరే, నీ చేతులు బాగున్నాయా అని."

అమ్మ ఒక చెయ్యి పాప మెడ కిందికి, ఒకటి నడుం కిందికి పోనిచ్చింది. మూడు రోజులుగా నేను మరిచిపోయిన ఊపిరి నాకు గుర్తొచ్చింది.

అబూనా అమ్మ చేతులకేసి చూశాడు. గడప మీద నా తడి చెప్పుల గుర్తులకేసి చూశాడు. ఆ తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి," అన్నాడు. "దగ్గరికి రండమ్మా, ముగ్గురూ."