చుక్కల సీమలో మారెక్క

ఆదివారం హిందూపురంలో మ్యాట్నీ చూసి వచ్చినప్పటి నుంచి ఓబులేషు ఒక్కచోట నిలవలేదు. కూర్చుంటే లేచాడు, లేస్తే నడిచాడు, నడిస్తే చెప్పు తెగింది. ‘చుక్కల సీమ’ నాలుగో భాగం చూడబోయి పట్టపగలే చుక్కలు చూసి వచ్చాడు పాపం! అంతరిక్షమని పేరే గానీ అంతా రిక్తం. గ్రహం మీద గ్రహం చూపించారు, గ్రహించడానికి మాత్రం ఏమీ లేదు. టికెట్టు కొన్నవాడికి మిగిలింది ఒక్క ఆగ్రహమే. మొదటి మూడు భాగాలూ మూడేసి సార్లు చూసిన మనిషి, ఈసారి ఇంటర్వెల్లో కొన్న పాప్‌కార్న్ తినడం కూడా పాపమనిపించి, పొట్లం పక్కవాడి చేతిలో పెట్టేశాడు.

తనొక్కడి బాధే అయితే నాలుగు తిట్లు తిట్టి తుడిచేసుకునేవాడు. కానీ తుడవడమే అతని ఉద్యోగం. క్యాతగానచెర్లు పక్కన సోలార్ ప్యానెళ్ళు కడిగి తుడిచే ఆరుగురు ఆడవాళ్ళ జట్టుకు ఓబులేషు మేస్త్రీ. సోమవారం పొద్దున్నే ఆ ఆరుగురూ పన్నెండు చెవులతో కాచుకుని ఉంటారు.

ఎందుకంటే ఆ జట్టుకొక కట్టడి ఉంది. ఒక వరస ప్యానెళ్ళు తుడిచాక నీళ్ళ ట్యాంకరు దేవరాజ్ పైపును పక్క వరసకు ఈడ్చుకుపోవాలి. దానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ ఆడవాళ్ళు ప్యానెళ్ళ నీడలో కూలబడతారు. సినిమా చూసి వచ్చినవాళ్ళు కథను ఆ నీడలోనే, ఆ ఐదు నిమిషాల్లోనే చెప్పాలి. తుడిచేటప్పుడు చెబితే వినేవాళ్ళ చేతులు ఆగిపోతాయి, నీళ్ళు నేలపాలవుతాయి. అలా పైపు మారినప్పుడల్లా ఒక ముక్క చొప్పున మూడో భాగం రెండు నెలలు సాగింది. సోలారు పనిలో సోలిపోయే ఒళ్ళకు అదే సోడా.

ఆ కథలో అందరికీ ప్రాణం మారెక్క. సినిమాలో ఆమె పేరు కెప్టెన్ మారా వెలోనా. అంత పొడుగు పేరు మన నోట్లో పట్టక మొదటి రోజే మారెక్క అయిపోయింది. నెరిసిన జుట్టు, డొక్కు ఓడ, పొగరు మాట. ఆమె పుట్టిన గ్రహం మీద వాన చుక్క పడదు. అద్దాల దొరలు వచ్చి ఆ నేలంతా అద్దాలు పరిచారు, అక్కడివాళ్ళు ఓడల్లో కూలికి పోయారు. మూడో భాగం చివర మారెక్క “నా మట్టి నేను తొక్కేదాకా చావను” అని ఓడను తన గ్రహం వైపు తిప్పింది. అక్కడ తెర పడింది. పడి నాలుగేళ్ళయింది.

ఈ నాలుగేళ్ళూ హనుమంతమ్మది ఒకటే ప్రశ్న, ఆ యమ్మ చేరిందా లేదా అని. హనుమంతమ్మ జట్టులో అందరికన్నా పెద్దది, అరవై దాటిన మనిషి. ఆమె నాలుగెకరాలు ఈ ప్యానెళ్ళ కిందే ఉన్నాయి, ఇరవై ఎనిమిదేళ్ళ లీజుకు. పంతొమ్మిదో వరస మొదలు తన చేనని బోరు పూడ్చిన గుర్తు చూపించి చెబుతుంది. మారెక్క మాట ఎవరైనా ఆ చేన్లోనే చెప్పాలి, అది ఆమె పెట్టిన కట్టడి. లీజు తీరేసరికి నువ్వుంటావా పెద్దమ్మా అని ఎవరైనా ఆట పట్టిస్తే, “మారెక్క చేరితే నేనూ చేరతా, చూస్తాండండి” అనేది. అనేటప్పుడు నవ్వేది కాదు.

సోమవారం పని పదహారో వరసలో మొదలైంది. వరస అయిందో లేదో ఓబులేషు దేవరాజ్ చేతిలోని పైపు లాక్కుని తనే ఈడ్చాడు. రెండు నిమిషాల్లో పదిహేడులో నీళ్ళు!

“ఏమప్పా, దేవరాజు పని నువ్వు చేస్తాండావు? ఆయప్ప ఇంగా బీడీ గూడా ముట్టించలే,” అంది రత్న. జట్టులో ఆమె నోటికి బ్రేకు లేదు.

“ఎండ ఎక్కుతాంది. బిరీన కానీయండి.”

“యాడప్పా ఎండ? సూర్యుడు ఇంగా మొగం గూడా కడుక్కోలే.”

పదిహేడు కూడా అలాగే పరుగు మీద దాటించాడు. పద్దెనిమిదిలో రంజిత తుడుస్తూ తుడుస్తూ అతని పక్కకు జరిగింది. డిగ్రీ చదివి పని దొరక్క వైపరు పట్టిన పిల్ల.

“అన్నా, ఫోన్లో అందురూ తిడతాండారు. మారెక్కను చంపేసినారంట గదా?”

“ఆ ఫోను లోపల పెట్టు పాపా.”

“పెట్టినా. పెద్దమ్మకు ఏం చెప్తావు?”

“నువ్వు నోరు మూసుకో సాలు.”

“నేను మూసుకుంటా లేన్నా. నువ్వు తెరిసి ఏం చెప్తావో అది చూసుకో.”

చంపడమన్నా ఒక పద్ధతిగా చంపారా? అదే ఓబులేషు కడుపుమంట. మారెక్కను తెర మీదికి తీసుకురానే లేదు. సినిమా మొదలైన పది నిమిషాలకు, అద్దాల దొరల గుమాస్తా ఒకడు భోంచేస్తూ, ఆ ముసలిదాని ఓడ దారిలో పేలిపోయిందన్నాడు. అంతే. తర్వాత రెండున్నర గంటలు ఇద్దరు పిల్లకాయలు, ఒక బొచ్చు జంతువు, మూడు పాటలు. భాగం నాలుగే, భాగ్యం సున్న.

పంతొమ్మిదో వరస తుడవడం అయింది. ఓబులేషు పైపు మీదికి వంగాడు. హనుమంతమ్మ పైపు మీద కాలు పెట్టింది.

“దేవరాజు ఉండాడు గదా. నువ్వు కూసో.”

ఆరుగురూ నీడలో కూర్చున్నారు. ఓబులేషు కూర్చోబోయి, లేచి, మళ్ళీ కూర్చుని గొంతు సవరించాడు.

“చేరినాది పెద్దమ్మా.”

రత్న చప్పట్లు కొట్టింది. రంజిత తల వంచుకుంది. హనుమంతమ్మ మాత్రం కదలలేదు.

“ఎట్ల చేరినాది?”

“ఓడ దించినాది. దొరలు ఎదురొచ్చినారు. నీ నేల నువ్వు తీసుకో తల్లీ అని అద్దాలు పీకేసినారు. మారెక్క మట్టి చేతిలోకి తీసుకోని ఏడ్చినాది. ఇంగ శెనక్కాయ ఏసినాది. వాన పడినాది. పచ్చగా...”

“వానా?”

“ఊ. మంచి వాన.”

“ఆ గ్రహంలో వాన పడదని రెండో భాగంలో నువ్వే గదా చెప్పితివి. ఇదే వరసలో.”

ఓబులేషు పైపు ఎంతదాకా పోయిందో తొంగి చూశాడు.

“అవునప్పా, ఆ దొరలు ఊరికే పీకేసినారా అద్దాలు? మొదటి భాగంలో మూడు ఊర్లు తగలబెట్టినోళ్ళు? తల్లీ అన్నారా?” హనుమంతమ్మ గొంతు పెరిగింది. “ఇదేం కతప్పా! మారెక్క అట్ల అడుక్కొని తీసుకునే మనిషా? ఎవురు తీసినారు ఈ సినిమా? తలకాయ ఉండాదా వాళ్ళకి?”

“బాగానే ఉండాది గదా పెద్దమ్మా, చేరినాది గదా,” అంది రత్న బుజ్జగిస్తూ.

“యాడ బాగుండాది? ఓబులేసూ, నా మొగం చూడు.”

చూడలేకపోయాడు. చూడకుండానే నిజం చెప్పేశాడు. గుమాస్తా, భోజనం, పేలుడు, బొచ్చు జంతువు, అన్నీ ఒక్క గుక్కలో. చెప్పి, తిట్ల కోసం కాచుకున్నాడు.

తిట్లు రాలేదు. హనుమంతమ్మ లేచి వైపరు తీసుకుని, తుడిచేసిన పంతొమ్మిదో వరసనే మళ్ళీ తుడవసాగింది, నీళ్ళు లేకుండా, కీచుమని చప్పుడయ్యేటట్లు. దేవరాజ్ దూరం నుంచి ఏదో అరిచాడు. ఓబులేషు ఆమె వెనకే నడిచాడు. ఆమె ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. క్షమించు పెద్దమ్మా అనాలనుకున్నాడు, పేలిపోయిన ఓడకు తనెందుకు క్షమాపణ చెప్పాలో తెలియలేదు.

వరస సగంలో ఆమె ఉన్నట్టుండి తిరిగింది.

“ఆ గుమాస్తా ఉండాడే, వాడు చూసినాడా పేలింది?”

“వాడు యాడ చూస్తాడు పెద్దమ్మా? అన్నం తింటా చెప్పినాడు.”

“తల ఎత్తినాడా?”

ఓబులేషు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. “ఎత్తలే.”

“ముక్కలన్నా చూపించినారా ఓడవి?”

“ఏమీ లే.”

హనుమంతమ్మ వైపరు కర్ర నేలకు ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టింది. “ఈ చేను లీజుకు రాసుకొనేకి వచ్చినోడొకడు జీపు దిగలే, తెలుసునా నీకు? శెనక్కాయ పూత మీద ఉండె. వాడు రోడ్డు మీద నుంచే బీడు అని రాసుకోని పాయ. ఆ లీజు పేపర్లో ఈపొద్దుకీ బీడే. వాడు రాస్తే నా శెనక్కాయ బీడైపోయినాదా?”

“లేదు పెద్దమ్మా.”

“మరి మీ గుమాస్తా చెప్తే మారెక్క చచ్చిపోతాదా?”

నీడలో నుంచి రంజిత నవ్వు వినిపించింది. “అన్నా, ఫోన్లో ఇంతమంది ఇన్ని రాసినారు, ఈ పాయింటు ఎవురికీ తట్టలే!”

ఓబులేషుకు ఆ మాట నమ్మాలనిపించింది. నమ్మకూడదనీ అనిపించింది. తను చూశాడు కదా ఆ సినిమా, ఆ తీసినవాళ్ళకు అంత ఆలోచన లేదని తనకు తెలుసు. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. హనుమంతమ్మ కళ్ళు చూసి లోపలికి పంపించాడు.

“ఆదివారం మళ్ళ పో,” అందామె. “ఆ గుమాస్తా ఏం చెప్పినాడో, ఎట్ల చెప్పినాడో బాగా చూసి రా.”

“అయ్యో పెద్దమ్మా! ఆ సినిమా మళ్ళీనా? మూడు పాటలు ఉండాయి!”

“ఉండనీ.”

“బొచ్చు జంతువు గూడా పాడతాది పెద్దమ్మా, నీకు దండం పెడతా.”

“నీ మింద నాకు నమ్మకం లే. వాన పడినాదని చెప్పినోడివి,” అని హనుమంతమ్మ పైట చెంగు బొడ్లో దోపుకుంది. “నేనూ వస్తా. హిందూపురం బస్సు ఎన్నింటికి?”