చెరిపిన నీలిమొగ్గలు

రోహిణీకార్తె రోళ్లను పగులగొట్టునని పెద్దలు చెప్పుదురు గాని బెజవాడయందు అది మొదట మనుష్యుల యోర్పును పగులగొట్టి ఆ పిమ్మటనే రోళ్ల జోలికి పోవును. ఇంద్రకీలాద్రి శిలలు ప్రచండమార్తాండకిరణసంతప్తములై కుమ్మరియావమువలె సెగలు గ్రక్కుచుండగా కృష్ణవేణీనది ఇసుకతిన్నెల నడుమ కృశించి సన్నని పాయలై ప్రాకుచుండగా పురజనులెల్లరు మజ్జిగకుండలకడ మూగియుండిన ఆ మధ్యాహ్నవేళ గవర్నరుపేట సందులోని యొక మేడ క్రిందిగదియందు మాత్రము శీతలయంత్రము మందమందముగా గుర్రుపెట్టుచు చల్లదనమును ప్రసాదించుచుండెను. ఆ చల్లదనము మనుష్యులకొరకు గాదు. పాతకాగితములకొరకు.

ఆ గదికి యజమానుడు చుండూరి పాండురంగయ్య. బాల్యమున మనమందరము చదివి చించి పడవలు చేసి వాననీట విడిచిన బొమ్మలకథల పత్రికలను ఆయన యూరూర వెదకి తెచ్చి కంటికి రెప్పవలె కాపాడి కోరినవారికి విక్రయించుచుండెను. అచ్చునకు మూలమై చిత్రకారులు స్వహస్తమున లిఖించిన బొమ్మల యట్టలు సైతము ఆయనకడ దొరకును. ఏ సంచిక యెంత యరుదైనదో యే చిత్రము ఎవ్వరి చేతిదో ఆయన చెప్పినచో అదియే వేదవాక్యము. ఆయన మాటను నమ్మి కొనినవారే గాని శంకించి మరలినవారు లేరు.

ఆయనకొక యలవాటు గలదు. అమ్మకమునకు ముందు ప్రతిచిత్రమును శుభ్రము చేయును. బేకరీరొట్టె నడిమి మెత్తనను ముద్దచేసి దానితో అంచులయందలి వ్రేలిముద్రలను మురికిని అద్ది తీసివేసి మిగిలిన పెన్సిలుగీతలను మెత్తని రబ్బరుతో చెరిపివేయును. కొనువారు తెల్లని యంచులను మెచ్చుకొందురు గనుక ఆ పనియందు ఆయనకు మిక్కిలి గర్వముండెను.

ఆ వేసవిలో సత్యనారాయణపురమునుండి అలివేణమ్మ యను వృద్ధురాలు పాతచీరలో చుట్టిన బొమ్మలమూటను తెచ్చి అమ్మిపెట్టుమని యిచ్చిపోయెను. పూర్వము పిల్లల పత్రికలో గాజుకోట కథకు కుంచెరాయుడను మారుపేరుతో బొమ్మలు వ్రాసి బాలలోకమునకు ఆరాధ్యుడైన చిత్రకారుని భార్య యామె. పాండురంగయ్య ఆ యట్టలను చూచి పరమానందభరితుడై యథావిధిగా రొట్టెముద్ద చేతబట్టి వానిని మల్లెపూవులవలె తెల్లగా చేసి భాగ్యనగరమునందలి హేమచంద్రరావను ఔషధవర్తకునకు కబురంపెను. కుంచెరాయుని చేతిగీత యన్న చెవికోసికొను వ్యసనపరుడాయన.

హేమచంద్రరావు వచ్చి అట్టలు ముందిడుకొని కూర్చుండిన సమయముననే అలివేణమ్మ యెండకు వాడిన మోముతో గుమ్మమున నిలిచెను.

"ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను బాబూ. ఆఖర్న రెండేళ్లు ఆయనకి చెయ్యి వణికేది. ఆయన పెన్సిలుతో గీస్తే సిరా నేను పెట్టేదాన్ని. ఆఫీసులో తెలిస్తే పని పోతుందని అప్పట్లో నోరు మెదపలేదు. మొన్న మా మనవరాలితో అంటే, నీకు ముగ్గులు తప్ప ఏమొచ్చు నానమ్మా అని నవ్వేసింది. అమ్మే కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క రాయించండి, చాలు."

హేమచంద్రరావు నొసలు ముడిచి "గుర్తేమైనా ఉందా అమ్మా?" యని యడిగెను.

"లేకేం? ఇవన్నీ ఆ రెండేళ్ల బొమ్మలే. అన్నిటికీ కింద కుడిమూల నీలిపెన్సిలుతో సన్నజాజి మొగ్గ వేసేదాన్ని. నీలిగీత అచ్చులో పడదుగా! చూడండి, మీకే తెలుస్తుంది."

పాండురంగయ్య చూపు అట్టల కుడిమూలలపై పడెను. ఆ మూలలయందు చిన్నచిన్న నీలిగుర్తులను ఆయన చూచియుండెను. అచ్చుకూటమువారు కొలతలకై పెట్టుకొను గుర్తులని తలంచి యొక్కటియు మిగులకుండ తన చేతులతో చెరిపివేసియుండెను. నేనే చెరిపితినని చెప్పినచో కొనవచ్చినవాడు లేచిపోవును. మూలచిత్రమునందలి సంతకమును తుడిచిన పండితుడని ఊరెల్ల నవ్వును. ఈ రెండు భయములు చెరియొకవైపునుండి తరుమగా ఆయన నోట వెలువడినది యబద్ధము.

"గుర్తులేమీ లేవమ్మా. ఉంటే నాకు కనపడవా?"

ఆమె కండ్లజోడును కొంగుతో తుడుచుకొని యొక్కొక్క యట్టను వంగి చూచెను. తెల్లని మూలలను వ్రేలితో తడవి చూచెను. కడపట ఆమె ముఖమున కోపము గాదు సిగ్గు పొడసూపెను.

"అయితే నేనే ఏదో అనుకుంటున్నానేమో బాబూ. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి కూడా మరిచిపోతున్నాను."

అమ్మకము జరిగిపోయెను. పాండురంగయ్య మాత్రము తేలుకుట్టిన దొంగవలె కిమ్మనక తిరుగుచుండెను. ఎవ్వరైన రొట్టె యనినచో ఉలికిపడును. భోజనమునకు కూర్చుండినచో విస్తరిమూలలే కనబడును. తెలియక చేసిన తప్పిదమును ఆయన యెట్లో దిగమ్రింగెను గాని తన యబద్ధమును విని తన్ను తానే శంకించుకొనిన ఆ ముదుసలి ముఖము గొంతునకడ్డముపడి లోనికి దిగదాయెను.

ఆమెకు చేరవలసిన సొమ్ము పుచ్చుకొని యాయన సత్యనారాయణపురమునకు పోయెను. ఆ వీథియందు ప్రతియింటి ముంగిటను ముగ్గుండెను. అలివేణమ్మ వాకిలి మాత్రము బోసిగా నుండెను. తలుపు తీసిన కోడలు గొంతు తగ్గించి యిట్లు చెప్పెను.

"ఆరోజు మీ కొట్టు నుంచి వచ్చాక అత్తయ్య ముగ్గు పెట్టడం మానేశారండీ. చుక్కల లెక్క తప్పుతుందని భయమట. స్టవ్ కూడా ముట్టుకోవట్లేదు. నాకు మతి పోతోందమ్మాయ్ అంటున్నారు."

తాను చెరిపినది కాగితపు మూలలనే గాదని పాండురంగయ్యకప్పుడు బోధపడెను. లోనికిపోయి అలివేణమ్మ యెదుట నేలపై చతికిలబడి "మొగ్గలుండేవమ్మా. ప్రతి అట్టకీ ఉండేవి. మురికి అనుకుని నేనే చెరిపేశాను. ఆరోజు మీతో అబద్ధమాడాను" అని తల వాల్చుకొనెను.

ఆమె కోడలివంకకు తిరిగి "విన్నావుటే? నాకు మతి పోలేదు!" అని పసిపిల్లవలె నవ్వెను. నవ్వుచుండగనే కన్నులు నిండెను. మరుక్షణమున ఆ నవ్వు మాయమయ్యెను.

"తెలియక చెరిపారు, సరే. తెలిసి నన్ను పిచ్చిదాన్ని ఎందుకు చేశారు బాబూ?"

పాండురంగయ్య తెచ్చిన సొమ్మును ఆమెయెదుట నుంచెను. ఆమె దానివంక చూడలేదు.

"నాతో చెప్పి ఏం లాభం? ఆ కొనుక్కున్నాయనతో చెప్పండి."

ఆయన ఆ రాత్రియే రైలెక్కి భాగ్యనగరము చేరి హేమచంద్రరావునకు జరిగినదంతయు దాచక విన్నవించెను. సొమ్ము తిరిగియిత్తునని సైతము పలికెను. ఆ మాటయే కొంప ముంచెను. హేమచంద్రరావు పకపక నవ్వి "ఇంకెవరో ఎక్కువిస్తామన్నారు కదూ? అందుకేగా ఈ మొగ్గల కథ! ఇది కుంచెరాయుడి చెయ్యేనని చెప్పింది మీరే కదండీ. మీ మాట మీదే కొన్నాను. ఆ మాటే ఉండనివ్వండి" అని కాఫీ తెప్పించి సగౌరవముగా సాగనంపెను. పాండురంగయ్య జీవితమున అనేక పర్యాయములు ఊహలు చెప్పెను. అవి ప్రమాణములై చెల్లెను. తొలిసారి తనకు తిరుగులేక తెలిసిన సత్యమును చెప్పగా అది బేరగాని టక్కరితనమై తేలిపోయెను.

తెల్లవారుజామున బెజవాడలో రైలు దిగి ఇంటికి పోక ఆయన నేరుగా సత్యనారాయణపురమునకు నడచెను. ఆమెకేమని చెప్పవలయునో తెలియలేదు. వీథి మొదటనే ఆయన యాగిపోయెను. అలివేణమ్మ నడుము వంచి వాకిట ముగ్గు పెట్టుచుండెను. చుక్కలు బారులుదీరి యొక్కటియు తప్పక నిలిచియుండెను. ముగ్గునకు నాలుగుమూలలను నీలిరంగుపొడితో సన్నజాజిమొగ్గలు తీర్చియుండెను. ఏండ్లకొలది యెవ్వరికంటను పడని యా మొగ్గలు నేడు బహిరంగముగా వీథిలో విచ్చుకొనియుండెను. చెంత నిలిచిన మనవరాలు "ఇంకోటి వెయ్యి నానమ్మా" యనుచుండెను.

ఆమె తలయెత్తి యాయనను చూచెను. ఆయన ముఖముననే యుత్తరము చదువుకొని మరల వంగి పని సాగించెను. సాయంకాలమునకు బాటసారుల పాదములు ఆ మొగ్గలను చెరుపును. మరునాటి యుదయమున ఆమె చేయి వానిని మరల తీర్చును. భాగ్యనగరమున అద్దపుఫలకముల చాటున వ్రేలాడు ఆ తెల్లని మూలలకు మాత్రము అట్టి యుదయము లేదు. పాండురంగయ్య చెప్పులు విడిచి చేతబట్టుకొని ముగ్గునకు దూరముగా గోడవార నొదిగి నడచి వెడలిపోయెను.